గద్వాల నుంచి గుల్మార్గ్‌కు

నాగర్‌కర్నూలు,
మృగశిర కార్తె, 1937

అక్కా,

నేను రావల్పిండి నుంచి వచ్చి నెల దాటినా నీకు ఉత్తరం రాయలేదు. తిట్టుకొని ఉంటావు. తిట్టుకో, కానీ దీన్ని మాత్రం చివరిదాకా చదువు. అక్కడి ఎండకు తాళలేక వచ్చానని ఇక్కడ అందరికీ చెప్పాను. నీకూ అదే రాస్తున్నాను.

మీ మరిది బాగున్నారు. మిలిటరీ దవాఖానలో పొద్దంతా పని. పోయిన పుష్యమాసంలో సెలవు పెట్టి నన్ను కాశ్మీరులో గుల్మార్గ్ అనే చోటికి తీసుకుపోయారు. అక్కా, మంచు! పత్తి ఏరి కుప్ప పోసినట్టుంది అని రాద్దామనుకున్నాను. కానీ పత్తి కాలికింద కరకరమనదు, మంచు అంటుంది. ఆ కొండ మీది నుంచి ఇంగ్లీషు దొరలు, దొరసానులు కాళ్లకు పొడవాటి చెక్కలు కట్టుకొని కిందికి జారుతారు. వాటిని స్కీలు అంటారు. పడతారు, లేస్తారు, నవ్వుతారు, మళ్లీ పైకి ఎక్కుతారు. ఒక దొరసాని మన పిన్నమ్మంత వయసుది. ఆమె జారుతుంటే నాకు నువ్వే కనిపించావు. వనపర్తిలో మన గుట్ట బండ మీద తాటిమట్ట వేసుకొని నువ్వు జారేదానివి, నేను కింద నిలబడి ఏడ్చేదాన్ని, గుర్తుందా?

వచ్చే పుష్యమాసంలో మళ్లీ పోవాలి. ఈసారి నువ్వు రావాలి. ఆయన అక్కడ ఒక చిన్న చెక్క ఇల్లు అద్దెకు మాట్లాడతానన్నారు.

ఇక్కడ మా అత్తమ్మ సంగతి మారలేదు. నాలుగేళ్లుగా కొడుకుతో మాట లేదు. మామ జ్వరంతో పోయినప్పుడు ఈ ఊళ్లో డాక్టరు లేడని ఆమె బాధ. కొడుకు డాక్టరు చదివి ఇక్కడే దవాఖాన పెడతాడనుకుంది. ఆయన చెప్పకుండా మిలిటరీలో చేరారు. "నా గడప తొక్కకు" అన్నది. ఆయన తొక్కలేదు. ఇద్దరిదీ ఒకటే మొండితనం. మధ్యలో నేను.

వస్తానని రాయి.

నీ చెల్లెలు
మణెమ్మ

*

గద్వాల,
ఆరుద్ర కార్తె

చెల్లె మణెమ్మకు,

నీ ఉత్తరం మామకు చదివి వినిపించాను, చెక్కల సంగతి వదిలేసి. కోడలి చెల్లెలు కొండ మీద ఆటలు చూసి వచ్చిందంటే ఆయన ఏమనుకుంటాడోనని.

నేను రాను. పల్లికాయ విత్తనం వేస్తున్నాం. మీ బావ పోయినప్పటి నుంచి ఈ సేద్యం నా మీదే నడుస్తోందని నీకు తెలుసు. మామకు కీళ్ల నొప్పులు. నా మరిది ఈరన్నకు మాటలు ఎక్కువ, పని తక్కువ. నేను గట్టు దిగితే కూలీలు గట్టెక్కుతారు. అయినా పంట లేకపోయినా నేను వచ్చేదాన్ని కాదు. పేరంటానికే పిలవని మనిషిని, వేడుకకు పోతే ఊరుకుంటారా? తీర్థానికి పోయానంటే సరే, మంచులో జారడానికి పోయానంటే ఈ గద్వాలలో నీళ్లు పుట్టవు నాకు.

నువ్వు చిన్నదానివి, మొగుడు పక్కనున్నాడు, పోయి రా. వచ్చాక అన్నీ చెబుదువు.

నీ ఒంట్లో ఎలా ఉంది? ఎండకు వచ్చానన్నావు. రావల్పిండి ఎండ మన ఎండ కంటే ఎక్కువా? నాకు నమ్మకం కలగడం లేదు.

వాన రెండు రోజులుగా పడుతోంది. చేలో అడుగు పెడితే మోకాలిదాకా బురద. నిన్న ఒరం గట్టు మీది నుంచి కాలు జారి చాలా దూరం పోయి ఆగాను. మా జీతగత్తె అంజమ్మ పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, దెబ్బ తాకిందా?" అంది. తాకలేదు. నవ్వొచ్చింది.

ఆ చెక్కలు ఎంత పొడుగుంటాయి?

అక్క
లక్ష్మీదేవమ్మ

*

నాగర్‌కర్నూలు,
పుష్యమి కార్తె

అక్కా,

నువ్వు రానని నిండు పేజీ రాసి చివర్లో చెక్కల పొడుగు అడిగావు. నేను ఆ చివరి మాటకే జవాబు రాస్తున్నాను.

మీ మరిది బొమ్మ గీసి పంపారు, ఇందులో పెట్టాను. మనిషి కంటే పొడుగు ఉండాలి. ముందు కొస పైకి వంగాలి, లేకపోతే మంచులో గుచ్చుకుంటుంది. బూటును తోలు పట్టీలతో బిగించాలి. చేతుల్లో రెండు కర్రలు. మోకాళ్లు వంచి, ఒళ్లు ముందుకు వాల్చాలట. భయపడి వెనక్కి వాలిన వాళ్లే పడతారట. "వదినకు ఇది చెప్పనక్కరలేదు" అని రాశారు.

ఆడవాళ్లు అక్కడ పాంట్లు వేసుకుంటారు. నువ్వు ఏం చేస్తావో ఆలోచించుకో.

అత్తమ్మకు కూడా మెల్లగా చెప్పాను. జొన్నరొట్టె కొడుతోంది.

"ఏంది? ఆడోళ్లు కాళ్లకు బల్లలు కట్టుకొని జారుతరా? సిగ్గు లేదా?" అంది.

"చలికి సిగ్గెక్కడుంటది అత్తమ్మా" అన్నాను.

రొట్టె తిరగేసింది. అటు తిరిగే అడిగింది. "గంత చలిల వాడు ఏం తింటుండు? ఎవరు వండి పెడుతున్నరు?" నేను చెప్పబోయేలోపే "నాకెందుకులే" అని లేచి పోయింది. రొట్టె మాడింది. ఆమె చేతిలో రొట్టె మాడగా నేను చూడడం అదే మొదలు.

అక్కా, ఆమెను ఇక్కడ ఒంటరిగా వదిలి నేనెలా వస్తాను? ఆమెను కూడా తీసుకుపోవాలని నా ఆలోచన. ఆమెకు ఇంకా చెప్పలేదు. నువ్వు ఉంటే నాకు ధైర్యం. రాత్రంతా రైల్లో ఆమెతో మాట్లాడగలిగేది నువ్వు ఒక్కతివే.

మణెమ్మ

*

గద్వాల,
మఖ కార్తె

చెల్లె,

వడ్లాయనను పిలిపించి బొమ్మ చూపించాను. "ఇది మంచానికా, బండికా?" అన్నాడు. కాలికి అన్నాను. నా మొహం వంక చూసి చెక్క కొలవడం మొదలుపెట్టాడు. కొస వంచబోతే ఒక చెక్క విరిగింది. రెండోదాన్ని మరిగే నీళ్ల ఆవిరి మీద పెట్టి పెట్టి వంచాడు. ఇప్పుడు రెండూ గడ్డివాము వెనుక ఉన్నాయి.

పాంటు నేను వేసుకోను. మన ఆడవాళ్లు నాట్లకు, కోతలకు గోచి పోసి కట్టరా? అలాగే కడతాను, లోపల ఉన్ని పైజామా. కురుమవాళ్ల దగ్గర మెత్తటి గొంగడి ఒకటి చెప్పాను. వనపర్తిలో బాబాయి ఇంటి పక్కన దర్జీ ఉన్నాడు కదా, కోటు కుడతాడేమో కనుక్కోవాలి.

ఇన్ని చేసి మామకు చెప్పకుండా ఉండడం న్యాయం కాదు. మొన్న ఆయన కాళ్లకు నూనె రాస్తూ అడిగేశాను.

"మామా, పంట ఇంటికి వచ్చినంక నేను మంచు చూసి వస్త."

"యాడుంది మంచు?"

"కాశ్మీరుల."

"తీర్థమా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. కానీ అబద్ధం చెప్పి బయల్దేరితే దారి పొడుగునా దాన్ని మోయాలి. "తీర్థం గాదు మామా. చూడాలనుంది, పోత" అన్నాను.

ఆయన చుట్ట వెలిగించుకున్నాడు. "పల్లికాయ ఇంటికి రానియ్యి. గప్పుడు అడుగు" అన్నాడు.

ఈరన్న గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "వదినె, నలుగురు ఏమంటరు? మొగుడు లేని మనిషి ఆటలాడనీకె పోయిందంటరు."

"అననీ ఈరన్నా. నేను చేన్ల దిగినప్పుడు గూడ అన్నరు. గా పంట మనమందరం తిన్నం."

అతను బయటికి పోయాడు. నేను నూనె గిన్నె కింద పెట్టాను. పన్నెండేళ్లలో ఈ ఇంట్లో ఎదురు మాట్లాడడం ఇదే మొదటిసారి.

వస్తున్నాను మణెమ్మా. మామ కాదన్నా, ఊరు కాదన్నా. ఎందుకని అడగకు, నాకే తెలియదు. చెక్క మీద కాలు పెట్టి నిలబడితే నా వయసు నాకు గుర్తుండడం లేదు.

అక్క

*

నాగర్‌కర్నూలు,
ఉత్తర కార్తె

అక్కా,

నీ ఉత్తరం చదివి ఇంట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. రైలు సంగతి మీ మరిది రాశారు. కాచిగూడలో దిగి సికింద్రాబాదు, కాజీపేట, అక్కడి నుంచి ఢిల్లీ, ఢిల్లీలో రావల్పిండి బండి. అక్కడ స్టేషనుకు ఆయనే వస్తారు. తర్వాత మోటారు బస్సు, చివర కొండ ఎక్కడానికి గుర్రాలు. నీ ఉర్దూ ఈ దారికి చాలు. అక్కడివాళ్లు మన ఉర్దూ విని నవ్వుతారు, నువ్వు పట్టించుకోకు.

అత్తమ్మ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. ఆమె కూడా రావాలని నోరు విప్పానో లేదో లేచింది.

"వాడు పిల్వకుండ నేను పోతనా? పుట్టిచ్చిందాన్ని నేనా, వాడా? నేను ఎందుకు పోవాలె?"

"మీరు రావద్దన్నరు అత్తమ్మా. ఆయన ఎట్ల పిలుస్తరు?"

"వద్దన్న. వద్దంటె ఆగుతరా కొడుకులు? తలుపు దబదబ కొట్టాలె. కొట్టలే వాడు."

 నాలుగేళ్లుగా ఆమె తలుపు చప్పుడు కోసం చూస్తోందని ఆ పూటే నాకు తెలిసింది. ఆయనకు రాశాను. "గడప తొక్కకు అన్నది అమ్మ. తొక్కమని కూడా అమ్మే అనాలి" అని జవాబు. చూశావా?

నేను వదలను. పుష్యమాసం ఇంకా దూరం ఉంది.

నేను బాగానే ఉన్నాను. నిద్ర ఎక్కువైంది, అంతే.

మణెమ్మ

*

గద్వాల,
చిత్త కార్తె

చెల్లె,

ఇక్కడ అంతా బాగుంది. పల్లికాయ పీకుతున్నాం. ఈసారి కాయ గట్టిగా పట్టింది.

చేను వెనుక గుట్ట మీద గడ్డి ఎండింది. ఎండిన బోదగడ్డి నూనె రాసినట్టు జారుతుంది. పొద్దున్నే కూలీలు రాకముందు చెక్కలు మోసుకొని అంజమ్మను తోడు తీసుకుపోతున్నాను. మోకాళ్లు వంచడం వచ్చింది. ఆగడం ఇంకా రాలేదు. ఒక తుమ్మచెట్టు ఆపుతోంది.

మొన్న ఈరన్న చూశాడు. గట్టు మీద నిలబడి నెత్తి కొట్టుకున్నాడు. "వదినె, నీకేమన్న సోకిందా? భూతవైద్యుణ్ణి పిలిపియ్యాల్నా?" అన్నాడు. అంజమ్మ ఊరుకోలేదు. "నీకు చాతనైతె ఒక్కసారి జారి సూపియ్యి పటేలా" అంది. వెళ్లిపోయాడు. మామకు చెప్పి ఉంటాడు. మామ మాత్రం మర్నాడూ అరుగు మీదే చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు.

ఉత్తరం చిన్నదిగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు. కలం పాళీ బాగాలేదు, అక్షరాలు వంకర పోతున్నాయి.

సామాన్ల మాట తేల్చి రాయి. నీకు కోటు కుట్టించాలా, పోయినేటిది ఉందా?

అక్క

*

నాగర్‌కర్నూలు,
స్వాతి కార్తె

అక్కా,

పాళీ బాగాలేకపోతే అక్షరం మసకబారుతుంది, లేకపోతే సిరా కక్కుతుంది. నీ అక్షరాలు ఎడమ చేత్తో రాసినట్టున్నాయి. చేతికి ఏమైంది? నిజం రాయి.

నిజం నువ్వు ఒక్కదానివే రాయాలనడం న్యాయం కాదు కనుక ముందు నేను రాస్తున్నాను. కూర్చొని చదువు.

నాకు నెలలు నిండుతున్నాయి. నేను ఎండకు రాలేదు, అందుకే వచ్చాను. రెండుసార్లు పోగొట్టుకున్నాను కదా, ఈసారి నిలిచేదాకా ఎవరికీ చెప్పొద్దని అత్తమ్మ ఒట్టు పెట్టించుకుంది. నన్ను బిందె ఎత్తనివ్వలేదు, మెట్టు దిగనివ్వలేదు. కొడుకు మీద కోపం కొడుకు మీదే, నా మీద కాదు. బిడ్డ కదులుతోంది అక్కా, బాగా తంతోంది.

ఇంకో మాట. గుల్మార్గ్‌కు నేను రాలేనని నాకు మృగశిర కార్తె నాడే తెలుసు. పుష్యమాసానికి నా ఒళ్లో పసిగుడ్డు ఉంటుంది, దాన్ని మంచులోకి ఎలా తెస్తాను? నేను వస్తున్నానని రాయకపోతే నువ్వు చెక్కల పొడుగు కూడా అడిగేదానివి కాదు. నాకు తోడు అంటే వస్తావు, నీ కోసం అంటే రావు. చిన్నప్పటి నుంచీ అంతే. అత్తమ్మ కూడా అంతే, కొడుకు కోసం పోదు, ఎవరికో తోడుగా అంటే పోతుందేమో. మీ ఇద్దరినీ ఒక రైలెక్కించాలని ఈ ఏడంతా నేను పన్నిన పన్నాగం ఇది.

కోపం వస్తుంది. రానీ. కానీ మానుకోకు అక్కా. నేను ఇక్కడ కదలకుండా పడుకొని, నువ్వు గుట్ట మీది నుంచి జారుతున్నావని తలుచుకుంటూ ఈ నెలలు గడిపాను.

మణెమ్మ

*

గద్వాల,
స్వాతి కార్తె

మణెమ్మా,

రెండు కాన్పులు పోయిన మనిషివి, తల్లి లేనిదానివి, నాకు చెప్పకుండా ఆరేడు నెలలు ఎలా ఉన్నావు? ఉత్తరం చదివి మొదట ఏడ్చాను, తర్వాత నిన్ను నోటికి వచ్చినట్టు తిట్టాను. అంజమ్మ వింది, అడుగు.

చేతి మణికట్టు బెణికింది. తుమ్మచెట్టు పని. పసుపు పట్టు వేశాను. నీకు చెబితే భయపడి ప్రయాణం వద్దంటావని చెప్పలేదు. ఇప్పుడు చూస్తే నేను దాచింది ఎంత, నువ్వు దాచింది ఎంత!

మిగిలిన పల్లికాయ ఈరన్న పీకిస్తాడు, పీకించక చస్తాడా. నేను రేపటి రైలుకు బయల్దేరుతున్నాను. నీ కాన్పు అయ్యేదాకా నాగర్‌కర్నూలు నుంచి కదలను. మంచు సంగతి తర్వాత. మీ అత్తమ్మ నర్సమ్మక్కకు చెప్పు, నా పడక నీ మంచం పక్కనే వేయమని.

అక్క

*

గద్వాల,
మార్గశిర మాసం

చెల్లె,

మన చిన్నదాని వాసన ఇంకా నా కొంగుకే ఉంది. నిన్ను, దాన్ని వదిలి బస్సు ఎక్కుతుంటే కాళ్లు రాలేదు. పాలు సరిపోతున్నాయా? ఒంటికి వెచ్చగా చుట్టండి. నా చేయి పూర్తిగా నయమైంది.

ఇంటికి రాగానే మామ దగ్గరికి పోయాను.

"మామా, పల్లికాయ ఇంటికొచ్చింది."

"వచ్చింది."

"పంట వచ్చినంక అడగమన్నవు. అడుగుతున్న."

ఈరన్న మధ్యలో మొదలుపెట్టాడు. "నాయినా, గద్వాల మొత్తం నవ్వుతది." మామ చేయి ఎత్తి ఆపాడు. నన్ను చూశాడు.

"బెణికిన చెయ్యితోని పంట పీకిచ్చినవు. గా గుట్ట మీద నువ్వు పడుడు లేసుడు నేను అరుగు మీదికెళ్లి రోజు చూసిన. ఇప్పుడు నేను వద్దంటె ఆగుతవా?"

"ఆగను మామా."

"మరి అడుగుడెందుకు? పో. పోయి జర పైలంగ రా."

మణెమ్మా, నా పెనిమిటి పోయిన నాడు ఆ ముసలాయన కన్నీరు చూశాను. మళ్లీ ఇప్పుడే. నేను కాళ్లకు దండం పెడితే "నా కొడుకు ఉంటే తీస్కపోయేటోడు" అన్నాడు.  సాయంత్రం ఈరన్న వచ్చి, రైల్లో తాళం పెట్టె కావాలేమోనని తన పెట్టె ఇచ్చి పోయాడు.

నా వైపు సిద్ధం. ఒంటరి ఆడది అంత దూరం పోలేదు, నర్సమ్మక్క రావాల్సిందే. నీ కాన్పులో రాత్రనక పగలనక ఆమె నిన్ను చూసుకోవడం పక్కనుండి చూశాను. ఆ మనిషితో నేను ఎంత దూరమైనా పోతాను. ఒప్పించు.

అక్క

*

నాగర్‌కర్నూలు,
మార్గశిర మాసం

అక్కా,

నేను ఒప్పించలేదు. చిన్నది ఒప్పించింది.

నిన్న పొద్దున అత్తమ్మ దానికి నీళ్లు పోసి, కాళ్ల మీద పడుకోబెట్టుకొని సాంబ్రాణి వేస్తోంది. అది ఊరికే నవ్వింది. అత్తమ్మ వంగి వంగి చూసింది. "గిట్లనే నవ్వేటోడు" అంది.  నేను పాలు పట్టి పడుకోబెట్టాక నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీ అక్క యాణ్ణుంచి రైలెక్కుతది?"

"వనపర్తి రోడ్డు స్టేషను నుంచి అత్తమ్మా. కోటు కుట్టిచ్చుకోనీకె వనపర్తి వస్తది."

"నేను పోత ఆమెతోని. వాని కోసం గాదు, ఇను. ఈ పిల్ల మొఖం దీని నాయిన ఇంకా చూడలే. గది ధర్మం గాదు. వాణ్ణి చెవు పట్టుకొని తెస్త. తెచ్చినంక మళ్ల మాట్లాడ."

నేను తల ఊపాను. నవ్వితే మొత్తం చెడిపోతుంది.

వనపర్తి నుంచి పిన్నమ్మ వచ్చి నా దగ్గర ఉంటానంది. దిగులుపడకు.

మణెమ్మ

*

వనపర్తి,
పుష్యమాసం

చెల్లె,

కోటు కుదిరింది. దర్జీ గొంగడికి కత్తెర పెట్టడానికి భయపడ్డాడు, బాబాయి కసిరితే కత్తిరించాడు. వేసుకుంటే గొర్రెపిల్లలా ఉన్నానని బాబాయి అన్నాడు. ఉండనీ, వెచ్చగా ఉంది.

నర్సమ్మక్క నిన్న బస్సు దిగింది. ఒక సంచిలో బట్టలు, మూడు సంచుల్లో తిండి. జొన్నపేలాలు, పల్లీల ముద్దలు, తొక్కులు, సకినాలు. ఇదంతా ఎవరికి అని అడిగితే "తోవల మనం తినొద్దా?" అంది. ఢిల్లీ దాకా ఒక ఊరు తిన్నా తరగదు. 

నా చెక్కలు మోసుకొని పోవడం లేదు. అక్కడ మీ ఆయన సాయన్న మంచివి అద్దెకు తీసుకున్నాడు. రేపు బండెక్కుతున్నాం. కొంచెం భయంగా ఉంది. అయినా ఎక్కుతున్నాను.

అక్క

*

గుల్మార్గ్,
పుష్యమాసం

చెల్లె మణెమ్మకు,

పొయ్యి పక్కన కూర్చొని రాస్తున్నాను. ఇక్కడ ఇనుప పొయ్యిని బుఖారీ అంటారు. సిరా గడ్డకడుతుంటే దాని మీద పెట్టి కరిగిస్తున్నాను. మేం క్షేమం.

దారి సంగతులు వచ్చాక చెబుతాను. రావల్పిండిలో ఏం జరిగిందో మాత్రం నీకు రాయాలి. సాయన్న ప్లాట్‌ఫారం మీదే తల్లి కాళ్లకు మొక్కాడు. ఆమె నా వైపు తిరిగి "చలి మస్తుగుంది లచ్చమ్మా" అంది. అంతే. బస్సులో, గుర్రాల మీద, ఈ ఇంట్లో, ఒక్క మాట లేదు అతనితో. "అన్నం తిన్నడేమో అడుగు" అని నాతో అంటుంది, అతను చేతికి అందేంత దూరంలో కూర్చొని ఉంటాడు. "తిన్న అని చెప్పు వదినా" అంటాడు. మధ్యలో నేను తంతి ఆఫీసు. అతను చిన్నదాని సంగతులు అడిగినా అంతే, నా నోటి గుండానే. ఆమె తెచ్చిన సకినాలు మాత్రం మూడు పూటలా అతని కంచంలో ఉంటున్నాయి.

నాకు స్కీలు నేర్పడానికి అతను ఇంటి ముందు వాలుకు తీసుకుపోయాడు. నర్సమ్మక్క వరండాలో కాంగ్డీ ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. కాంగ్డీ అంటే నిప్పుల కుండ. ముందు తను జారి చూపిస్తానని సాయన్న పైకి ఎక్కాడు. వేగంగా వచ్చాడు. మధ్యలో ఒక చెక్క దేనికో తగిలింది. మనిషి గాలిలో తిరిగి మెత్తటి మంచులో పడ్డాడు. ఎక్కడ పడ్డాడో కూడా కనిపించలేదు. ఒక కర్ర మాత్రం పైకి నిలబడి ఉంది.

వెనుక నుంచి కేక. "సాయిగా! నాయినా!"

కుండ ఎక్కడ పడేసిందో, చెప్పులు ఎక్కడ వదిలిందో. ఆ వయసులో నర్సమ్మక్క మోకాలిలోతు మంచులో పరుగెత్తింది. పడింది, లేచింది, మళ్లీ పడింది, చివరికి పాకింది. నేను నా చెక్కలు విప్పుకొనేలోపు ఆమె అతని దగ్గర ఉంది. రెండు చేతులా మంచు తోడుతోంది. సాయన్న లేచి కూర్చున్నాడు. గడ్డం నిండా మంచు, నవ్వుతున్నాడు.

"అమ్మా, నాకేం కాలే. గిట్ల పడుడు మామూలే."

ఆమె చెంప మీద ఒక్కటి ఇచ్చింది. ఆ తర్వాత అదే చెంప పట్టుకొని ఏడ్చింది.

"నాలుగేండ్లు! తలుపు కొట్టొద్దా నువ్వు? తల్లి వద్దంటె అయిపోతదా? ఒక్కసారి కొట్టొద్దా?"

"తీస్తవో తీయవో అని భయమైంది అమ్మా."

"తలుపు ఎన్నడు గడె పెట్టలే నేను. నూకితె తెరుసుకునేది."

అతను ఆమెను చేతుల మీద ఎత్తుకొని ఇంట్లోకి తెచ్చాడు. కాళ్లు నీలంగా ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లలో పెట్టి, తన చేతులతో వేళ్లు ఒక్కొక్కటీ తుడిచాడు. డాక్టరు పని చేస్తున్నాడో కొడుకు పని చేస్తున్నాడో నాకు తెలియలేదు. ఆమె అతని నెత్తి వంక చూస్తూ "ఎంటికలు పల్సవడ్డయి" అంది. నేను వంటింట్లోకి పోయి నా పని చూసుకున్నాను. వాళ్లు చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. మిలిటరీ వదిలిపెట్టమని ఆమె అడగలేదు. ఇంటికి రమ్మని అడిగింది. సెలవు ఇంకా మిగిలి ఉంది, మాతోనే వస్తున్నాడు. ఇది చదువుతూ నువ్వు లేచి ఇల్లు ఊడ్వడం మొదలుపెట్టకు, బాలింతవు.

ఇక నా సంగతి. ఎండిన గడ్డి వేరు, మంచు వేరు. గడ్డి మనిషిని లెక్క చేయదు, మంచు ప్రతి కదలికా వింటుంది. కొంచెం కాలు తిప్పితే అటు పోతుంది, కొంచెం భయపడితే కింద పడేస్తుంది. మొదటి పూట ఎన్నిసార్లు పడ్డానో లెక్కపెట్టడం మానేశాను. అక్కడున్న దొరసానులు నా గోచికట్టు చూసి గుసగుసలాడారు. మర్నాడు వాళ్లలో ఒకామె వచ్చి, పాదాలు వెనుక వైపు వెడల్పు చేసి ఎలా ఆగాలో చేసి చూపించింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు, కాళ్లతోనే మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఆగడం వచ్చింది.

నిన్న పెద్ద వాలు ఎక్కాం. పైకి పోయేసరికి గాలి లేచింది. కింద ఇల్లు అగ్గిపెట్టెలా ఉంది. సాయన్న మబ్బు వంక చూసి "ఇయ్యాల వద్దు వదినా. చెక్కలు భుజాన ఏసుకొని నడిచి దిగుదాం" అన్నాడు.

నాకు భయం లేదని అనుకోకు.  కానీ ఇంతదాకా వచ్చి నడిచి దిగితే, నేను బతికినన్నాళ్లూ ఆ వాలు దిగుతూనే ఉంటాను. "నువ్వు నడువు సాయన్నా. నేను గిట్లనే వస్త" అన్నాను.

మోకాళ్లు వంచి ముందుకు వాలాను.

ఆ తర్వాత ఎలా రాయాలో తెలియడం లేదు. చెవుల్లో గాలి. చెట్లు రెండు వైపులా వెనక్కి పోతున్నాయి. ఎవరి కోడలినో, ఎవరి పెళ్లామో, ఏ ఊరి దాన్నో ఏదీ నాతో రాలేదు. ఒక గట్టి కేక వినిపించింది. ఎవరిదా అనుకున్నాను, నాదే. పన్నెండేళ్లుగా నేను గొంతెత్తి అరవలేదు మణెమ్మా. కిందికి వచ్చేదాకా అరుస్తూనే ఉన్నాను. పడలేదు.

కింద గుర్రాలాయన బీడీ తాగుతూ చూస్తున్నాడు. ఎక్కడి నుంచి అని ఉర్దూలో అడిగాడు. గద్వాల అన్నాను. అక్కడ ఎంత మంచు పడుతుంది అన్నాడు. పడదు అన్నాను. మరి ఎక్కడ నేర్చుకున్నావు అంటే, "ఇక్కడే, నీ ముందట్నే" అన్నాను. అతను బీడీ పారేసి సలాం చేశాడు.

రేపు బయల్దేరుతున్నాం. నర్సమ్మక్క ఇప్పటికే సంచులు కట్టేసి, అన్నం చల్లారిపోతోందని నన్ను పిలుస్తోంది. రాత్రి పడిన మంచు మీద ఇప్పుడే ఎండ వచ్చింది. ఇంకా ఎవరూ అడుగు పెట్టలేదు. అన్నం తర్వాత తినొచ్చు.

ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను. పైకి పోతున్నాను.

అక్క
లక్ష్మీదేవమ్మ